గుట్ట మాట, పలక మాట

గుట్టవాది: హైదరాబాద్ మక్కా మసీదులో ప్రార్థన గూటి రాయిని గుట్ట నుంచి పెకలించడానికి అయిదారు వందల మంది అయిదేళ్లు పనిచేశారనీ, దాన్ని లాక్కురావడానికి 1400 ఎద్దులు కావలసి వచ్చాయనీ టావెర్నియర్ రాసిపెట్టాడు. వజ్రాల కోసం గోల్కొండ వచ్చిన ఫ్రెంచి వ్యాపారి, కొంచెం పెంచే చెప్పి ఉంటాడు. సగమే నిజమనుకున్నా తక్కువ రాయి కాదు. నువ్వేమో అలాంటి రాయిలోంచి గోరంత ముక్క తీసి, 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి, గాజు పలకకు అంటించి, మైక్రోస్కోపు కింద పెట్టి దాని జాతకం చదివేస్తానంటున్నావు. కోటను వదిలేసి కోట గోడ మీది గీతను పట్టుకున్నట్టుంది.

పలకవాది: ఈ వెక్కిరింత పాతదే అన్నా. 1849లో షెఫీల్డ్‌లో హెన్రీ క్లిఫ్టన్ సోర్బీ రాయిని వెలుగు దూరేంత పలుచగా అరగదీసినప్పుడు కూడా కొండల్ని మైక్రోస్కోపుతో చూస్తారా అని నవ్వారు. ఆయన మొదట్లో చూసినవాటిలో పలకరాయి ఒకటి. మీరూ నేనూ అఆలు దిద్దిన మార్కాపురం పలక లాంటిదే. అది అంత చక్కగా రేకులుగా ఎందుకు చీలుతుందో అప్పటిదాకా తలా ఒకటి చెప్పేవారు. సోర్బీ చూస్తే లోపల కంటికి కనపడనంత చిన్న కాకిబంగారం రేకులన్నీ ఒకే తీరుగా పడుకుని ఉన్నాయి, రాయిని నొక్కిన బలానికి అడ్డంగా. అంటే బురదగా పేరుకున్నప్పుడు వచ్చిన పొర కాదది. తర్వాత పడ్డ ఒత్తిడి గీసిన గీత. మార్కాపురం పలక కూడా ఒకప్పుడు కడప బేసిన్ అడుగున పేరుకున్న బురదే. నల్లమల ముడతలు పడ్డ రోజుల నొక్కుడు దానిలో నిలిచిపోయింది. మన చేత అక్షరాలు దిద్దించిన రాయి తన మీద ముందే ఒకటి రాసుకుని వచ్చిందన్నమాట.

గుట్టవాది: అదే పలక మీద ఒక్కోసారి వాలుగా లేత రంగు చార కనిపిస్తుంది, చూశావా? అది పాత బురద పొర. చీలిక ఒకవైపు, చార ఇంకోవైపు. ఆ రెండిటి మధ్య కోణం చూసి, మడత మలుపు నా ఎడమ చేతి వైపు ఉందో కుడి చేతి వైపు ఉందో క్వారీలో నిలబడే చెప్తాను. దిక్సూచి, సుత్తి, కన్ను. నాలుగో పనిముట్టు అక్కర్లేదు. పైగా నా లెక్క తప్పయితే వంద అడుగులు నడిస్తే తెలిసిపోతుంది. నీ పలకలో వంద అడుగులు ఎక్కడ నడుస్తావు?

పలకవాది: నడవను. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తాం గదా.

గుట్టవాది: ఆ సామెత నీకు ఎదురు తిరుగుతుంది జాగ్రత్త. ఒక్క గిన్నెలో, ఒకే నీళ్లలో, ఒకే బియ్యం ఉడికితేనే మెతుకు సాక్ష్యం చెల్లుతుంది. గుట్ట అలాంటి గిన్నె కాదు. మడత మలుపు దగ్గర ఒకలా, మడత పక్కన ఒకలా, రాయి పక్కలకు జరిగిన కోత పట్టీలో ఇంకోలా నలిగి ఉంటుంది. చెయ్యి పెట్టిన చోటును బట్టి మెతుకు మాట మారుతుంది. అది సరే, పాతబస్తీ సంగతికే వద్దాం. చాంద్రాయణగుట్ట అయినా, ఫలక్‌నుమా నిలబడ్డ గుట్ట అయినా, పత్తర్‌గట్టీ కమాన్లలోకి చెక్కి తెచ్చిన రాయి అయినా గ్రానైటే. సుమారు 250 కోట్ల ఏళ్ల కింద కరిగిన ద్రవం గడ్డకట్టి అయింది. నీ చదువు రూపాంతర శిలల మీద. ఈ ఊళ్లో నీకు పనేముంది?

పలకవాది: ఉంది. ఈ గ్రానైట్ గుండెలో అంతకంటే పాత నైస్ ముక్కలు, నల్లటి యాంఫిబొలైట్ ముక్కలు చిక్కుకుని ఉన్నాయి. నలుపు తెలుపు చారలతో, ముడతలతో. ద్రవం పైకి వస్తూ వస్తూ మింగినవి. మీరే ఎన్నోసార్లు చూపించారు. రెండోది, గ్రానైట్ గడ్డకట్టినంత మాత్రాన దాని కథ అయిపోదు. లాడ్ బజార్‌లో లక్క గాజులు చేసేవాళ్లను చూడండి. బొగ్గుల సెగకు లక్కను మెత్తబరిచి, బండ మీద దొర్లించి, కడ్డీలా సాగదీస్తారు. రెండు రంగుల లక్క కలిపి తిప్పితే చారలు మెలిక తిరుగుతాయి. అదే లక్కను చల్లారాక వంచితే పుటుక్కున విరుగుతుంది. గ్రానైట్‌లో పలుగురాయి కూడా అంతే. దాదాపు 300 డిగ్రీల లోపు విరుగుతుంది, ఆ పైన సాగుతుంది. ఫెల్డ్‌స్పార్ ఇంకా మొండి, అది సాగాలంటే 450 దాటాలి. కాబట్టి ఒక పలకలో పలుగురాయి సాగి ఫెల్డ్‌స్పార్ పగిలి ఉంటే, నలిగినప్పుడు ఆ రాయి ఎంత వేడిగా ఉందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. ఒక కొలతకు రెండు గుర్తులు, రెండూ ఒకే పలకలో. గుట్ట మీద నిలబడి ఇది ఎట్లా చెప్తారు?

గుట్టవాది: చెప్పలేను. ఆ ముక్క ఒప్పుకుంటాను. కానీ నీ పలుగురాయి ఎంతటి సాక్షో నాకు తెలుసు. పోలరాయిడ్‌లు అడ్డంగా పెట్టి పలకను తిప్పితే నలగని పలుగు రేణువు ఒక్కసారిగా చీకటైపోతుంది. నలిగినదైతే నీడ తెరలాగా ఒక అంచు నుంచి ఇంకో అంచుకు జరుగుతుంది. నువ్వు అది చూసి నలిగింది అని రాసుకుంటావు. సరే. కానీ కాస్త నలిగినా చాలు, ఆ నీడ వస్తుంది. 250 కోట్ల ఏళ్లు భూమిలో ఉన్న ఏ గ్రానైట్‌ను కోసినా ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. ఎవరు పిలిచినా పలికే సాక్షి మాటకు కోర్టులో విలువేముంటుంది?

పలకవాది: ఆ నీడ ఒక్కదాని మీదే తీర్పు రాసేవాడు మా వాడు కాడు. అది మొదటి మెట్టు. తర్వాత రేణువు అంచు పక్క రేణువులోకి బొడిపెలా పొడుచుకొస్తుంది. ఇంకా వేడెక్కితే రేణువు లోపలే చిన్న చిన్న గదులు కట్టుకుంటుంది, ఆ గదులు మెల్లగా తిరిగి కొత్త రేణువులవుతాయి. ఇంకా వేడెక్కితే అంచులే ఊడ్చుకుంటూ పోతాయి. ఇటలీ ఆల్ప్స్‌లోని తోనాలే దగ్గర ఈ మూడు మెట్లనూ ఒకదాని పక్కన ఒకటి నడిచి చూడొచ్చు. 2002లో ఆ కొలతలు అచ్చయ్యాయి. మొదటిది 400 డిగ్రీల లోపు, రెండోది 400 నుంచి 500 దాకా, మూడోది ఆ పైన. నడిచి చూశారు అన్నాను, గమనించారా? మీ దారే.

గుట్టవాది: గమనించాను. అందుకే ఆ పని నచ్చింది. కానీ దాన్ని తెచ్చి హైదరాబాద్ పలక మీద పరిచేటప్పుడు నువ్వు ఒకటి దాటేస్తున్నావు. దమ్ బిర్యానీ మెతుకు పట్టి ఉడికిందని చెప్తావు. ఎంత మంట మీద ఎంతసేపు ఉడికిందన్నది మెతుకు చెప్పదు. పెద్ద మంట మీద తొందరగా అయినా అదే మెతుకు, చిన్న మంట మీద రాత్రంతా అయినా అదే మెతుకు. పలుగురాయి కూడా అంతే గదా. తొందరగా సాగదీస్తే ఎక్కువ వేడి కావాలి, లక్షల ఏళ్లు మెల్లగా సాగదీస్తే తక్కువ వేడికే లొంగుతుంది. మధ్యలో కాసిన్ని నీళ్లు చేరాయా, ఇంకా మెత్తబడుతుంది. వేడి, వేగం, నీరు. మూడు తెలియనివి పెట్టుకుని ఒక్క సమీకరణంతో లెక్క తేలుస్తానంటే ఏ మాస్టారు మార్కులు వేస్తాడు?

పలకవాది: వేయడు. ఆల్ప్స్ డిగ్రీలను ఇక్కడికి మోసుకురావడం మాలో చాలామంది చేసే తప్పే. వేడిని విడిగా కొలవాలి. పలుగురాయిలో దూరిన టైటానియం ఎంతో చూడొచ్చు, గార్నెట్‌కూ పక్కనున్న నల్ల అభ్రకానికీ మధ్య ఇనుము, మెగ్నీషియం ఎట్లా పంచుకున్నాయో చూడొచ్చు. వేడి తేలాక మిగతా రెండిటి మీద పట్టు దొరుకుతుంది. పూర్తి పట్టు అనను.

అయినా గ్రానైట్ మీద ఒక ప్రశ్న మిమ్మల్నే అడుగుతాను. ఊరి చుట్టూ గులాబీ గ్రానైట్‌లో బొటనవేలంత ఫెల్డ్‌స్పార్ పలుకులు కొన్నిచోట్ల వరుసగా, బారులు తీరి ఉంటాయి. చూసినవాళ్లంతా రాయి నలిగింది, అందుకే బారు తీరాయి అంటారు. మీరేమంటారు?

గుట్టవాది: మొదట్లో నేనూ అట్లే రాసుకున్నాను. దిక్కు కొలిచి, మ్యాపులో గుర్తు పెట్టి, ఏ వైపు నుంచి నొక్కుడు వచ్చిందో బాణాలు కూడా గీశాను.

పలకవాది: పలక చేశాక?

గుట్టవాది: ఫెల్డ్‌స్పార్‌ల మధ్య పలుగురాయి శుభ్రంగా ఉంది. సాగలేదు, నలగలేదు. ఫెల్డ్‌స్పార్ విరగనూ లేదు. అంటే నొక్కుడు కాదు. ఇంకా ద్రవంగా ఉన్నప్పుడే కాలవలో దుంగలు కొట్టుకొచ్చి వరుసగా ఆగినట్టు ఆగిన పలుకులు. నా బాణాలన్నీ చెరిపేయాల్సి వచ్చింది. గట్టిపడ్డాక నలిగిన రాయి, ద్రవంగా ఉన్నప్పుడు పారిన రాయి బయటికి ఒకేలా ఉంటాయి. తేడా చెప్పేది నీ పలకే. ఈ ఓటమి నాదే, దాచుకోను. కానీ తమ్ముడూ, ఆ తర్వాత నాకు నిద్ర పట్టకుండా చేసిన ప్రశ్న ఇంకోటుంది. ఆ పలుగురాయి ఎప్పుడూ నలగనందుకు శుభ్రంగా ఉందా, నలిగాక కాలి కడుక్కున్నందుకు శుభ్రంగా ఉందా?

పలకవాది: అసలు చోటికి వచ్చారు.

గుట్టవాది: రావాల్సిందే గదా. నీ లక్క గాజుల మాటే తీసుకో. మెలికలు తిరిగిన రెండు రంగుల లక్కను సెగ మీద ఇంకాసేపు ఉంచు. చారలు కరిగి కలిసిపోతాయి. మెలిక తిరిగిందన్న సంగతి లక్కకే గుర్తుండదు. రాయి కూడా అంతే. నొక్కుడు ఆగిపోయి వేడి మాత్రం మిగిలితే, నలిగిన రేణువులు తమ గాయాలు తామే మాన్చుకుంటాయి. అంచులు తిన్నగా సర్దుకుంటాయి, మూడు రేణువులు కలిసే చోట దాదాపు 120 డిగ్రీల కోణాలు తేలతాయి, సబ్బు నురగలో బుడగలు సర్దుకున్నట్టు. తూర్పు కనుమల్లోకి పో. అరకు దారి పొడుగునా ఖోండలైట్. ఖోండు గిరిజనుల పేరు మీద 1902లో వాకర్ పెట్టిన పేరు. గార్నెట్, సిల్లిమనైట్, అక్కడక్కడా గ్రాఫైట్. ఆ కనుమల్లో కొన్నిచోట్ల రాయి దాదాపు వెయ్యి డిగ్రీల దాకా కాలింది. అంత కాలినదాంట్లో ముందటి నలుగుళ్లు ఏం మిగులుతాయి? నువ్వు చదువుతున్నది చరిత్ర అనుకుంటున్నావు. ఎక్కువసార్లు అది చివరి పేజీ. ముందు పేజీలు పొయ్యిలోకి పోయాయి.

పలకవాది: పలుగురాయికి ఇది వర్తిస్తుంది. అది మెత్తని మనసుది, తొందరగా మరచిపోతుంది. అన్ని ఖనిజాలూ అట్లా కాదు. గార్నెట్ తీసుకోండి. అది పెరుగుతూ పెరుగుతూ తన చుట్టూ ఉన్న గింజల్ని మింగేస్తుంది. అప్పటి పొర ఏ దిక్కున ఉందో ఆ దిక్కునే, ఎంత సన్నగా ఉందో అంత సన్నగా, గింజలు లోపల చిక్కుకుంటాయి. బయటి రాయి తర్వాత ఎన్నిసార్లు నలిగినా, కాలినా, లోపలి వరుస చెక్కుచెదరదు. బయట పొర ఒక దిక్కుకు పోతుంటే గార్నెట్ కడుపులో గింజల వరుస అడ్డంగా పోవడం ఎన్నో పలకల్లో చూశాను. బయటి దానికంటే లోపలిది ముందుది. ఇందులో వాదనకు చోటు లేదు. మీరు గుట్ట మీద కొలిచే పొర చివరిది. అంతకుముందు పొర ఉండిందని చెప్పేవాడు ఆ గార్నెట్ ఒక్కడే.

గుట్టవాది: అవును. దీనికి నా దగ్గర జవాబు లేదు. గుట్ట మరచిపోయింది, గార్నెట్ మరచిపోలేదు.

పలకవాది: ఇక్కడి గార్నెట్ జ్ఞాపకశక్తి ఎంత గట్టిదో చెప్తాను. కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేట గుట్ట. దాని కింద గులకల్లో గార్నెట్లు దొరుకుతాయి. పుదుచ్చేరి పక్కన అరికమేడు తవ్వకాల్లో దొరికిన పూసలను 2017లో అచ్చయిన ఒక పరిశోధన గరీబ్‌పేట రాళ్లతో పోల్చి చూసింది. లోపలున్న సిల్లిమనైట్ సూదులు, లోపలి రసాయనం కలిశాయి. రోమన్ ఓడలు మన తీరానికి వస్తూపోతూ ఉన్న కాలపు పూస, సానపట్టి, రంధ్రం చేసి, దారానికి గుచ్చాక కూడా తాను పుట్టిన గుట్టను గుర్తుపెట్టుకుంది.

గుట్టవాది: చిరునామా చెప్పింది. బతుకు చెప్పలేదు. అరికమేడు పూసను చూసి గరీబ్‌పేట గుట్ట ఏ వైపు నుంచి నొక్కుడు పడిందో చెప్పు చూద్దాం. చెప్పలేవు. ఎందుకంటే పూసకు తల ఎటో, తూర్పు ఎటో తెలియదు. గుట్ట నుంచి విడిపోయిన రోజే ఆ సంగతి పోయింది. చార్‌కమాన్ నగల దుకాణంలో నవరత్నాల ఉంగరంలో గోమేధికం కూడా గార్నెట్ జాతిదే. భూతద్దంలో పెడితే లోపల పాకం తిరిగినట్టు కనిపిస్తుంది, దాన్ని చూసే అసలుదని గుర్తుపడతారు. చక్కటి లోపలి నిర్మాణమే. దానితో కొండ కథ చెప్తావా?

పలకవాది: చెప్పను. రాయి ఎటు నిలబడి ఉండిందో తెలియకపోతే సగం చదువు పోయినట్టే.

గుట్టవాది: సగం మిగిలిందనుకుందాం. ఆ సగంలో నీ గార్నెట్‌నే సాక్షిగా పిలుస్తాను. మంచుముద్ద గార్నెట్ అంటారు మీరు. కడుపులో గింజల వరుస తిన్నగా కాక, జిలేబీలా చుట్టలు తిరిగి ఉంటుంది. అమెరికాలో వెర్మాంట్ గార్నెట్లు దీనికి పేరుపడ్డవి. అది ఎందుకు చుట్ట తిరిగిందో నువ్వే చెప్పు.

పలకవాది: నువ్వులుండ చుట్టేటప్పుడు రెండు అరచేతులూ ఒకదానికొకటి ఎదురు కదులుతాయి, మధ్యలో ఉండ దొర్లుతుంది. రాయిలో పై పొర ఒక వైపు, కింది పొర ఇంకో వైపు జరిగితే మధ్యలో గార్నెట్ అట్లే దొర్లుతుంది. దొర్లుతూనే పెరుగుతుంది, పెరుగుతూనే చుట్టూ గింజల్ని మింగుతుంది. అందుకే చుట్టలు. ఎన్ని డిగ్రీలు దొర్లిందో కొలిస్తే పొరలు ఎంత జరిగాయో లెక్క వస్తుంది. జాన్ రోజెన్‌ఫెల్డ్ వెర్మాంట్‌లో చేసింది ఇదే.

గుట్టవాది: బాగుంది. ఇప్పుడు రెండో సాక్ష్యం కూడా నువ్వే చెప్పు. దాస్తే నేనే చెప్తాను.

పలకవాది: దాచను. 1985లో ఆస్ట్రేలియాలో జేమ్స్ కుక్ విశ్వవిద్యాలయం నుంచి టి.హెచ్. బెల్ ఇంకో మాట అన్నాడు. గార్నెట్ దొర్లనే లేదు. జరుగుడంతా దాని పక్కనుంచి, దాన్ని చుట్టుకుని పోయింది, అది మాత్రం ప్రవాహం మధ్య బండలా కదలకుండా నిలబడింది అన్నాడు. మరి చుట్టలు? ఒకసారి నిలువు పొర వచ్చింది, తర్వాత అడ్డ పొర వచ్చింది, మళ్లీ నిలువు. ప్రతిసారీ గార్నెట్ కొంచెం పెరిగి, వంగుతున్న పొర అంచును మింగింది. ముక్కముక్కగా అతికిన వంపులు చూసేవాడికి చుట్టలా కనిపిస్తున్నాయి అన్నాడు.

గుట్టవాది: ఈ రెండిటికీ తేడా ఎంతో చదివేవాళ్లకు విడమరచి చెప్పాలి. దొర్లిందంటే కొండకు ఒకే ఒక్క సంఘటన, ఒక పెద్ద జరుగుడు. దొర్లలేదంటే అయిదారు సంఘటనలు. కొండ నొక్కుకుని లేచింది, తన బరువుకు తానే కుంగింది, మళ్లీ నొక్కుకుంది, మళ్లీ కుంగింది. ఒకే గార్నెట్, ఒకే పలక, ఒకే మైక్రోస్కోపు. ఒకరికి ఒక పూట కథ, ఇంకొకరికి మహాభారతం. నలభై ఏళ్లయినా పూర్తిగా తేలలేదు. నీ దగ్గరున్న అందరికంటే మంచి సాక్షి ఇతను. ఇతను చెప్పినదాన్ని కూడా రెండు రకాలుగా వింటున్నారంటే, రాయి చెప్తోందా, చూసేవాడు చెప్తున్నాడా?

పలకవాది: ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ రెండు పక్షాలూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. గార్నెట్లు దొర్లి ఉంటే ఒకదాంట్లో చుట్ట ఇరుసు ఒక దిక్కు, పక్కదాంట్లో ఇంకో దిక్కు చెదిరి ఉండాలి గదా అని బెల్ పక్షం అడిగింది. మైళ్ల దూరం కొలిచి, ఇరుసులు ఒకే దిక్కున ఉన్న చోట్లు చూపించింది. అవతలి పక్షం యాంత్రిక శాస్త్రం పట్టుకుంది. మెత్తటి దాంట్లో గట్టి గుండును పెట్టి పక్కకు లాగితే గుండు తిరగాలి, తిరగకుండా ఉండాలంటే ప్రత్యేక కారణం కావాలి అంది. పైగా ఒక పూర్తి చుట్టు దాటి, ఎక్కడా తెగకుండా సాఫీగా పోయే చుట్టను ముక్కలు అతికి చేయడం కష్టం అంది. ఇప్పుడు పలక ఒక్కటే కాదు, గార్నెట్‌ను కోయకుండా ఎక్స్‌రే టోమోగ్రఫీతో మూడు దిక్కులా చూస్తున్నారు. ఎక్కువమంది కొన్ని దొర్లాయి, కొన్ని దొర్లలేదు అనే చోటికి వచ్చారు. నా మాట అడిగితే, వెర్మాంట్ చుట్టలు దొర్లినవే. ఆ మాట ప్రతి గార్నెట్‌కూ అంటగట్టను.

గుట్టవాది: నేను ఎటూ చెప్పను. అది నా పొలం కాదు. కానీ తూర్పు కనుమల్లోనూ ఇదే తంతు జరిగింది గదా. ఒక ఖనిజం చుట్టూ ఇంకో ఖనిజం దండలా పెరగడం చూసి, ఇది లోతునే చల్లారింది అని కొందరు రాశారు, వేడిగా ఉండగానే పైకి లేచింది అని ఇంకొందరు రాశారు. ఆ రెండు దారుల మీద వాదం ఏళ్ల తరబడి నడిచింది.

పలకవాది: నడిచింది. ముందు లోతున చల్లారింది, తర్వాత లేచింది అని రెండిటినీ వరసలో పెట్టినవాళ్లూ ఉన్నారు. ఎందుకంటే దండలో లోపలి పూత ఒకటి చెప్పింది, బయటి పూత ఇంకోటి చెప్పింది. ఓపిగ్గా చూసినవాడికి వరస దొరికింది. కానీ మన ఇద్దరి పరువూ అక్కడే పోయింది, గుర్తుందా? ఒంగోలు వైపు, విశాఖ వైపు రెండుచోట్లా చార్నొకైట్ ఉంది. కలకత్తాలో జాబ్ చార్నాక్ సమాధికి వాడినందుకు ఆయన పేరు మోసుకు తిరిగే రాయి. మీరు గుట్ట మీద చూసినా, నేను పలకలో చూసినా అన్నదమ్ముల్లా ఉంటాయి. చాలాకాలం అందరూ ఒకే కథలో కట్టేశారు.

గుట్టవాది: ఐసోటోపులతో వయసు కట్టేదాకా. ఒంగోలు వైపు నలుగుడు సుమారు 160 కోట్ల ఏళ్లది. విశాఖ వైపుది దాదాపు 100 కోట్ల ఏళ్లది. మధ్యలో 60 కోట్ల ఏళ్ల సందు. నా దిక్సూచికి అందలేదు, నీ లెన్సుకూ అందలేదు.

పలకవాది: అందుకే ఇప్పుడు గార్నెట్ కడుపులో చిక్కుకున్న మోనజైట్ గింజను అక్కడికక్కడే పలకలోనే వయసు కడుతున్నారు. బయట పొరలో ఉన్న మోనజైట్‌ను ఇంకోసారి. గార్నెట్‌కు ముందు ఏది, తర్వాత ఏది అన్నది నా పలక చెప్తుంది. ఎన్ని కోట్ల ఏళ్ల ముందు అన్నది యురేనియం, సీసం చెప్తాయి. ఆ గింజ లోపలుందా బయటుందా అని చూడకుండా వయసు కడితే అది ఉత్త అంకె.

గుట్టవాది: వరస చెప్పడానికి పలకే కావాలనకు. హైదరాబాద్ గ్రానైట్‌ను అడ్డంగా కోసుకుంటూ నల్లటి డైక్‌లు పోతాయి, నిటారుగా, గీత గీసినట్టు. కుతుబ్‌షాహీల పనివాళ్లకు ఆ నల్లరాయి తెలియకుండా ఉండదు. ఆ డైక్ ఎక్కడా మడత పడలేదు, సాగలేదు. అంటే అది వచ్చేటప్పటికే గ్రానైట్ సాగే రోజులు అయిపోయాయి. దీనికి ఎన్ని పలకలు కావాలి? సున్నా. రోడ్డు కోసిన చోట నిలబడి ఒక్క చూపు.

పలకవాది: ఆ ఒక్క చూపుకు నేను దండం పెడతాను. కానీ మీ డైక్ చెప్పేది సాగలేదు అని. పగలలేదు అని చెప్పగలదా?

గుట్టవాది: లేదు. పగుళ్లు వేరే సంగతి. పగుళ్లంటే వడ్డెరలను అడగాలి. బండ ఎక్కి, సుత్తితో నాలుగు చోట్ల కొట్టి, చప్పుడు విని, ఉలి గుంతల వరుస ఎటు పెట్టాలో చెప్తారు. పెట్టిన వరుసలోనే బండ రొట్టె విరిగినట్టు రెండవుతుంది. ఇంకో దిక్కున పెడితే ఎంత కొట్టినా వంకరగా పోతుంది. మక్కా మసీదు స్తంభాలు అట్లా వచ్చినవే. వాళ్లకు ఎవరూ పలక చూపించలేదు.

పలకవాది: మీరు ఇది తెస్తారనే చూస్తున్నా. వాళ్ల చెవికి వినపడ్డది నా కంటికి కనపడుతుంది. పలుగురాయి రేణువుల్లో బుడగల వరుసలుంటాయి. ఎప్పుడో సన్నటి పగుళ్లు పడి, వేడి నీళ్లు దూరి, మళ్లీ మానిపోయిన గాయాల మచ్చలవి. ఒక రేణువు నుంచి పక్క రేణువులోకి, దాని నుంచి ఇంకోదాంట్లోకి అదే దిక్కున పోతాయి. గ్రానైట్ ఏ దిక్కున సుళువుగా చీలుతుందో కొలిచి చూస్తే చాలాచోట్ల ఆ మచ్చల దిక్కే వస్తుంది. వడ్డెర ఉలి పోయేది కోట్ల ఏళ్ల కింద మానిన గాయం వెంబడే. దీన్ని నలుగుడు చరిత్ర కాదంటారా?

గుట్టవాది: అంటే వాళ్లు నీకంటే ముందే చదివారన్నమాట.

పలకవాది: ముందే చదివారు. ఎందుకో చెప్పమంటే మాత్రం నా దగ్గరికి రావాలి.

గుట్టవాది: వాళ్లు రారు. బండ చీలితే వాళ్ల పని అయిపోయింది. ఎందుకు అనే ప్రశ్న మన తిండి. సరే, ఆ తిండి దగ్గరికే వస్తాను. చార్మినార్‌నో మక్కా మసీదునో కోసి పలక చేయడానికి నీకెవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు. కాబట్టి నీ విద్యంతా అవే రాళ్లు ఇంకా మిగిలిన గుట్టల మీద ఆధారపడి ఉంది. గుట్టలేమో రోజుకొకటి కంకర అవుతున్నాయి. నైస్ ముక్కలు, యాంఫిబొలైట్ ముక్కలు ఉన్న గుండ్లను పేల్చేసి పునాదుల్లో పోస్తున్నారు. నీ ముప్పై మైక్రాన్లు ఎక్కడి నుంచి తెస్తావు? అసలు దేన్ని దేనికి అడ్డంగా నొక్కారో చెప్పే చోటు పోయాక పలక మీద మిగిలేది అందమైన రంగులే.

పలకవాది: అందుకే మిమ్మల్ని పోనివ్వను. మీరు గుట్ట నుంచి తెచ్చిన రాయికి, తెచ్చేముందే, పైకి ఎటో, ఉత్తరం ఎటో బాణం గీసి ఉండాలి. బాణం లేని రాయిని కోస్తే పొర ఎడమకు జరిగిందా కుడికి జరిగిందా చెప్పలేను. పలకను తిప్పి పెడితే ఎడమే కుడి అవుతుంది. మా వాళ్లలో కొందరు బాణం లేని రాయికి కూడా దిక్కు చెప్పేశారు. అవి చదివితే మీకు ఎంత కోపం వస్తుందో నాకూ అంతే వస్తుంది.

గుట్టవాది: గరీబ్‌పేట నుంచి బాణం గీసిన రాయి తెస్తాను. దొర్లిందో లేదో నువ్వే చెప్పాలి.

పలకవాది: ఒకటి చాలదన్నా. గుట్ట ఈ కొస నుంచి ఆ కొస దాకా కనీసం పది తేవాలి. ఒక్కోదాన్ని మూడు దిక్కుల్లో కోస్తాను, మొత్తం ముప్పై పలకలు. వాటిలో సగం గార్నెట్లు నడిమికి తెగవు, అంచుకు తెగుతాయి. ఆ పలకలు పక్కన పెట్టేయాల్సిందే.